మద్రాసులో రాధాకృష్ణన్‌కు అందిన పాశ్చాత్య తత్త్వం

పాశ్చాత్య తత్త్వశాస్త్రం అనగానే మన విద్యార్థులకు ఒక పెద్ద పేర్ల పట్టిక గుర్తుకు వస్తుంది. ప్లేటో, అరిస్టాటిల్‌లతో మొదలై డేకార్ట్, హ్యూమ్, కాంట్, హెగెల్ మీదుగా రస్సెల్ దాకా సాగే ఆ పట్టికను పరీక్ష కోసం బట్టీ పట్టడం పెద్ద కష్టమేమీ కాదు. అయితే ఆ తత్త్వమంతా ఒకేసారి, ఒకే తూకంలో మన దేశానికి రాలేదు. ఏ కాలంలో కళాశాలలు ఏ శాఖను బోధించాయో, అదే ఆ కాలపు విద్యార్థులకు పాశ్చాత్య తత్త్వమయింది. ఈ సంగతి తెలుసుకోవడానికి చెన్నైలో చదువుకుంటున్న మనకు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి దశ కంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామం వారి ఇంటిపేరయింది. తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది 1960లో కనుక, ఆయన ఏ రాష్ట్రం వారన్న తగవు ఆయన బాల్యానికి వర్తించదు. తిరుపతిలోను, వేలూరులోను మిషన్ విద్యాసంస్థల్లో చదివి ఆయన మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. అప్పటికి ఆ కళాశాల తాంబరానికి పోలేదు. 1937 వరకు జార్జి టౌనులో, హైకోర్టుకు చేరువలోనే ఉండేది. తత్త్వశాస్త్రం ఎన్నుకోవడానికి కారణం కూడా చాలా మామూలుది. అదే ఏడు పట్టభద్రుడైన దగ్గరి బంధువొకరు తన పాఠ్యపుస్తకాలు ఆయనకు ఇచ్చారు. దానితో తన దారి నిశ్చయమయిందని ఆయనే తరువాత రాసుకున్నారు.

ఆ పుస్తకాల్లో జె. ఎస్. మెకంజీ రాసిన నీతిశాస్త్ర గ్రంథం ఒకటి. మెకంజీ హెగెల్ మార్గంలో నడిచిన బ్రిటిష్ భావవాది. పంతొమ్మిదో శతాబ్ది చివరి దశకాల్లో ఆక్స్‌ఫర్డులోను, స్కాట్లండు విశ్వవిద్యాలయాల్లోను ఈ భావవాదానిదే పెత్తనం. టి. హెచ్. గ్రీన్, ఎఫ్. హెచ్. బ్రాడ్లీ దీనికి ముఖ్యులు. లాక్, హ్యూమ్ వంటి అనుభవవాదులు జ్ఞానమంతా ఇంద్రియాల ద్వారానే వస్తుందన్నారు. వీరు దానిని కాదన్నారు. విడివిడిగా తోచే వస్తువులు, మనుషులు ఒకే సమగ్ర చైతన్యంలో భాగాలని, ఆ సమగ్రతను తనలో నెరవేర్చుకోవడమే మనిషి నీతి అని బోధించారు. వారు ఆ నెరవేర్పుకు వాడిన 'సెల్ఫ్ రియలైజేషన్' అనే మాటనే మనవారు ఆత్మసాక్షాత్కారానికి ఇంగ్లీషు పర్యాయంగా ఇప్పటికీ వాడుతున్నారు. స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ ఆచార్యులు పాఠం చెబుతున్న మద్రాసు తరగతి గదిలో, ఉపనిషత్తులు ఇంట్లో విన్న తెలుగు బాలుడికి ఈ మాటలు పరాయివిగా వినిపించి ఉండవు.

కాని అదే కళాశాలలో మరొక మాట కూడా వినిపించేది. జగత్తు మాయ అయితే మంచిచెడులకు ఆధారమేమిటి? లేని లోకంలో ఇరుగుపొరుగు పట్ల ధర్మమేమిటి? వేదాంతంలో నీతికి చోటు లేదన్న ఈ ఆక్షేపణ ఆనాటి క్రైస్తవ విమర్శకుల ప్రధానాయుధం. ఇరవై ఏళ్ల యువకునికి అది పుస్తకాల్లోని ప్రశ్న కాదు, తన ఇంటి మతం మీద పడ్డ నింద. 1908లో ఎం. ఏ. కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో వేదాంత నీతినే విషయంగా తీసుకున్నారు. ఆచార్యుడైన ఎ. జి. హాగ్ నొచ్చుకుంటాడేమోనని శిష్యుడు జంకాడు. హాగ్ స్వయంగా కర్మ సిద్ధాంతాన్ని క్రైస్తవ దృష్టితో పరిశీలించిన మిషనరీ. అయినా ఆయన ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నాడు. ఆ గురుశిష్యులిద్దరి పట్లా మనకు గౌరవం కలిగించే సంగతి ఇది.

రాధాకృష్ణన్ సమాధానంలోని కీలకం ఏమిటంటే, మాయ అంటే శూన్యం కాదు. జగత్తు బ్రహ్మాన్ని ఆశ్రయించి ఉన్నది, స్వతంత్రం కాదు, అంతే. ఈ వాదం అద్వైతానికి కొత్తది కాదు. కుందేటి కొమ్ము వంటి తుచ్ఛానికీ, వ్యావహారిక సత్యానికీ భేదం అద్వైతులు ముందే చేశారు. అయితే ఆయన రచనల్లో ఈ వాదం ఊనికలో బ్రాడ్లీ నీడ కనిపిస్తుందని నా అభిప్రాయం. దేశకాలాలు, వస్తువులు ఆభాసలే, కాని పరతత్త్వం ఏ ఆభాసనూ పారవేయదు, అన్నిటినీ తనలో కలుపుకొంటుందని బ్రాడ్లీ 1893 నాటి ప్రసిద్ధ గ్రంథంలో చెప్పాడు. శంకరుల మతంలో జ్ఞానం కలిగినప్పుడు జగత్తు బాధితమవుతుంది, తాడు తెలిసినప్పుడు పాము పోయినట్లు. కలుపుకోవడం వేరు, బాధితం కావడం వేరు. నీతికి చోటు చూపాలన్న తపనకు మొదటిదే ఎక్కువ అనుకూలం. సంప్రదాయ పండితులు రాధాకృష్ణన్ వ్యాఖ్యానంతో ఎక్కడ విభేదిస్తారో తెలియాలంటే విద్యార్థులు ఈ చిన్న తేడా దగ్గర ఆగాలి.

ఇక్కడే పరిభాష గురించి ఒక మాట. తెలుగులో 'ఐడియలిజం'ను ఆదర్శవాదమని కొందరు, భావవాదమని కొందరు రాస్తారు. బ్రాడ్లీ విషయంలో రెండోదే సరి. ఆదర్శాల కోసం జీవించడానికీ ఈ సిద్ధాంతానికీ నేరుగా సంబంధం లేదు. 'అనుభవం' ఇంకా చిక్కుమాట. లాక్ చెప్పినది ఇంద్రియానుభవం, రాధాకృష్ణన్ మతానికి పునాది అన్నది ఆధ్యాత్మికానుభవం. 'హేతువాదం' వింటే మనకు త్రిపురనేని రామస్వామి చౌదరి వంటివారు మనసులో మెదులుతారు. తత్త్వశాస్త్ర చరిత్రలో హేతువాది అయిన డేకార్ట్ మాత్రం దేవుడున్నాడని నిరూపించబూనినవాడు! పరీక్ష పత్రాల్లో ఈ మూడు మాటలూ తారుమారు కావడం మామూలే.

ప్రెసిడెన్సీ కళాశాలలో 1909 నుంచి పాఠాలు చెప్పిన రాధాకృష్ణన్, మైసూరులో ఉండగా 1920లో సమకాలిక తత్త్వంలో మతం పెత్తనం గురించి ఒక గ్రంథం ప్రకటించారు. లైబ్నిజ్, బెర్గ్‌సన్, విలియం జేమ్స్, రస్సెల్ తదితరులను వరుసగా పరీక్షించి, వీరు అనేకతత్త్వవాదానికి దిగడానికి మతాభిమానమే కారణమని, నిష్పక్షపాతమైన తర్కం ఏకతత్త్వానికే చేరుస్తుందని వాదించారు. చివరి అధ్యాయం ఉపనిషత్తుల మీద. విమర్శకుల ఆయుధాన్నే తిప్పి పట్టిన ఈ పుస్తకంలోని ధైర్యం మెచ్చదగినది. కాని మతానికి దూరంగా నిలిచిన రస్సెల్‌ను ఆ వరుసలో చేర్చడం నాకు అంతగా పొసగినట్లు తోచదు.

ఈలోగా ఇంగ్లండులో గాలి మారింది. 1903లోనే జి. ఇ. మూర్ భావవాద ఖండన రాశాడు. ఆయన, రస్సెల్ కలిసి కేంబ్రిడ్జిని వాస్తవవాదం వైపు తిప్పారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్ష పదవిలో అయిదేళ్లు ఉన్న తరువాత రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డులో స్పాల్డింగ్ ఆచార్య పీఠం స్వీకరించారు. సరిగ్గా ఆ ఏడే అక్కడి యువకుడు ఎ. జె. అయర్ తార్కిక ప్రత్యక్షవాదాన్ని ప్రచారం చేస్తూ, పరతత్త్వం గురించిన వాక్యాలు తప్పు కూడా కావు, అర్థమే లేనివి అని పుస్తకం వేశాడు. మద్రాసులో ఏ శాఖను పాశ్చాత్య తత్త్వమని నేర్చుకున్నారో, ఆ శాఖ తన ఊళ్లోనే చెల్లుబాటు తగ్గిన సమయానికి ఆయన అక్కడ అడుగు పెట్టారు.

పాత ప్రశ్న మాత్రం వదలలేదు. భారతీయ చింతన లోకాన్ని నిరాకరిస్తుందని ఆల్బర్ట్ ష్వైట్జర్ 1930ల్లో మళ్లీ రాశాడు. దానికి రాధాకృష్ణన్ 1939లో వచ్చిన తమ ప్రాచ్య మతాలు, పాశ్చాత్య చింతన గ్రంథంలో విస్తారంగా సమాధానమిచ్చారు. 1908 నాటి వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న అక్కడ ఎంత మారిందో చూడదలచిన విద్యార్థులు ముందు ఆ అధ్యాయం చదివి, తరువాత 1920 నాటి పుస్తకానికి వెళ్లడం మేలు. హెగెల్ మతాన్నీ అద్వైతాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవారికి పూళ్ల తిరుపతిరాజు 1937లో ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథం ఉంది. అది కొంచెం కఠినం, కాంట్ పాఠాలు పూర్తయ్యాక తెరవాలి.