చేతికి వచ్చిందెంత? చీటీలో ఉన్నదెంత?

కొత్తగా పనిలో చేరారు. నెలకు 12,000 రూపాయలు అన్నారు. నెల తిరిగింది. చేతికి 10,470 రూపాయలు వచ్చాయి. మిగతా 1,530 రూపాయలు ఏమైనట్టు?

ఇలాంటప్పుడు కొందరు "మోసం చేశారు" అని పని మానేస్తారు. కొందరు "పెద్దవాళ్ళు ఏదో లెక్క కట్టే ఉంటారులే" అని ఊరుకుంటారు. రెండూ నష్టమే. పట్టుకున్న డబ్బులో కొంత మీ పేరున దాచిన డబ్బు కావచ్చు. కొంత అసలు పట్టుకోకూడని డబ్బు కావచ్చు. ఏది ఏదో తెలియాలంటే జీతం చీటీ చదవాలి. ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు. అంకెలు వచ్చు. రండి, ఆ చీటీ చదువుదాం.

జీతం చీటీ

జీతం చీటీలో రెండు భాగాలు ఉంటాయి. ఒక భాగంలో మీకు రావలసిన డబ్బు రాస్తారు. రెండో భాగంలో పట్టుకున్న డబ్బు రాస్తారు. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే మిగిలేదే చేతి జీతం. చీటీ ఇంగ్లీషులో ఉన్నా భయపడకండి. అంకెలు ఏ భాషలోనైనా అవే. పట్టుకున్న ప్రతి అంకె పక్కన ఒక పేరు ఉంటుంది. ఆ పేరు ఏమిటో అడగండి. చీటీ ఇవ్వకపోతే ఇవ్వమని అడగండి. అది మీ హక్కు.

అచ్యుతాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ లాంటి చోట చీటీలో ముఖ్యంగా కనిపించేవి రెండు పేర్లు. ఒకటి పి.ఎఫ్. రెండోది ఇ.ఎస్.ఐ.

పి.ఎఫ్. అంటే ఏమిటి?

కొత్తగా చేరిన ఒక అమ్మాయి, పాత పనిమనిషి అయిన ఒక అక్క ఇలా మాట్లాడుకున్నారు.

"అక్కా, నా జీతంలో 1,440 పట్టుకున్నారు. ఎవరు తింటున్నారు ఆ డబ్బు?"

"ఎవరూ తినట్లేదే చెల్లీ. అది నీ డబ్బే. నీ పేరున దాస్తారు."

"నన్ను అడక్కుండా దాచడమేంటి?"

"చట్టం అట్లా ఉంది మరి. నువ్వు దాచిన దానికి యజమాని కూడా కలపాలి. ఊరికే ఎవరు కలుపుతారు చెప్పు?"

అక్క చెప్పింది నిజం. పి.ఎఫ్. అంటే భవిష్య నిధి. దీనికోసం 1952లో చట్టం వచ్చింది. 20 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఇది ఉండాలి. 15,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఇది తప్పనిసరి.

లెక్క ఇది. మీ జీతంలో నూటికి 12 రూపాయలు పట్టుకుంటారు. యజమాని తన జేబులోంచి ఇంకో 12 రూపాయలు వేయాలి. యజమాని వేసే 12 రూపాయల్లో 8 రూపాయల 33 పైసలు పింఛను నిధికి పోతాయి. మిగిలిన 3 రూపాయల 67 పైసలు మీ పి.ఎఫ్. ఖాతాలో పడతాయి.

జీతం 12,000 అనుకుందాం. మీ నుంచి 1,440. యజమాని నుంచి 1,440. అందులో సుమారు 1,000 పింఛను నిధికి, 440 మీ ఖాతాకు. అంటే నెలకు 1,880 రూపాయలు మీ ఖాతాలో చేరతాయి. దానికి వడ్డీ కూడా వస్తుంది. 2024-25లో ఆ వడ్డీ ఏడాదికి నూటికి 8 రూపాయల 25 పైసలు.

పనిలో ఉండగా సభ్యురాలు చనిపోతే ఆమె కుటుంబానికి బీమా డబ్బు కూడా వస్తుంది. అది గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు. అందుకే నామినేషన్ రాయాలి. మీ తర్వాత డబ్బు ఎవరికి చెందాలో చెప్పేదే నామినేషన్. పెళ్ళికి ముందు రాసినవారు పెళ్ళి తర్వాత మళ్ళీ రాయాలి.

ఇ.ఎస్.ఐ. అంటే ఏమిటి?

ఇది జబ్బుకు, కాన్పుకు, పనిలో దెబ్బ తగిలినప్పుడు ఆదుకునే బీమా. నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవారికి వర్తిస్తుంది. మీ జీతంలో నూటికి 75 పైసలు పట్టుకుంటారు. యజమాని నూటికి 3 రూపాయల 25 పైసలు వేయాలి. 12,000 జీతానికి మీవి 90 రూపాయలు. యజమానివి 390 రూపాయలు.

ఈ 90 రూపాయలకు ఏం వస్తుంది? మీకూ, మీ మీద ఆధారపడిన కుటుంబానికీ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. హైదరాబాదులో సనత్‌నగర్, విజయవాడలో గుణదల, విశాఖలో మల్కాపురం, ఇంకా తిరుపతి, ఇలా చాలాచోట్ల ఈ ఆసుపత్రులు ఉన్నాయి. జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా నూటికి 70 రూపాయల లెక్కన జీతం వస్తుంది. మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతం వస్తుంది. వీటికి కొన్ని రోజుల చందా కట్టి ఉండాలి. కాన్పు జీతానికి ముందటి రెండు చందా కాలాల్లో కనీసం 70 రోజుల చందా ఉండాలి.

కాబట్టి "90 రూపాయలు పోతున్నాయి, ఇ.ఎస్.ఐ. నాకొద్దు" అనకండి. ఒక్క జ్వరానికి బయట అయ్యే ఖర్చు ఎంతో మీకు తెలుసు.

ఇప్పుడు లెక్క చూడండి. 1,440, 90 కలిపితే 1,530. మనం మొదట అడిగిన డబ్బు ఇదే.

వృత్తి పన్ను

ఇది రాష్ట్ర ప్రభుత్వానికి కట్టే పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ నెల జీతం 15,000 దాటకపోతే ఈ పన్ను లేదు. 15,000 దాటి 20,000 దాకా ఉంటే నెలకు 150 రూపాయలు. 20,000 దాటితే 200 రూపాయలు. మీ జీతం 12,000 అయి, చీటీలో వృత్తి పన్ను అని కనిపిస్తే ఎందుకు పట్టుకున్నారో అడగాలి.

పాన్ కార్డు లేకపోతే

ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వానిది. నెలకు 12,000 అంటే ఏడాదికి 1,44,000. అంత తక్కువ జీతానికి ఆదాయపు పన్ను పడదు. కానీ ఒక చిక్కు ఉంది.

కొందరు ఆడవాళ్ళకు నెల జీతం ఉండదు. బిల్లు ప్రకారం డబ్బు వస్తుంది. ఒకామె ఒక కంపెనీకి యూనిఫారాలు కుట్టి ఇచ్చిందనుకుందాం. బిల్లు 40,000 రూపాయలు. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా కంపెనీ పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఆమెకు పాన్ కార్డు ఉంటే నూటికి 1 రూపాయి. అంటే 400 రూపాయలు. పాన్ లేకపోతే నూటికి 20 రూపాయలు. అంటే 8,000 రూపాయలు! ఒక్క నంబరు ఇవ్వనందుకు 7,600 ఎక్కువ పోయింది.

పాన్ ఉంటే ఇంకో మేలు ఉంది. పట్టుకున్న పన్ను ఆమె పేరున జమ అవుతుంది. ఏడాది ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు తిరిగి తెచ్చుకోవచ్చు. పాన్ లేకుండా పట్టుకున్న పన్ను ఆమె పేరున చూపదు. దాన్ని తిరిగి రాబట్టడం చాలా కష్టం.

పాన్‌ను ఆధార్‌తో కలపాలి. కలపకపోతే పాన్ ఉన్నా లేనట్టే లెక్క. ఇంతవరకు పాన్ తీసుకోనివారికి, ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉంటే, ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఇ-పాన్ ఉచితంగా దొరుకుతుంది.

పని మారితే పాత నంబరు మరవకండి

పి.ఎఫ్. సభ్యులకు 12 అంకెల నంబరు ఇస్తారు. దాన్ని యు.ఎ.ఎన్. అంటారు. ఇది 2014లో మొదలైంది. మనిషికి ఒక్కటే నంబరు. ఎన్ని చోట్ల పని మారినా అదే.

కొత్త పనిలో చేరేటప్పుడు ఒక ఫారం నింపమంటారు. "ఇంతకు ముందు పి.ఎఫ్. ఉందా?" అని అందులో అడుగుతారు. "లేదు" అని రాస్తే కొత్త నంబరు పుట్టవచ్చు. అప్పుడు పాత డబ్బు ఒక చోట, కొత్త డబ్బు ఒక చోట ఉంటాయి. పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ళ సర్వీసు కావాలి. నాలుగేళ్ళు ఒక చోట, ఏడేళ్ళు ఇంకో చోట చేసినా, నంబరు ఒక్కటే అయి పాత సర్వీసు కొత్త దానిలో కలిస్తే 11 ఏళ్ళు అవుతుంది. పని మానినప్పుడల్లా డబ్బు మొత్తం తీసేసుకుంటే ఆ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

పేరు సంగతి కూడా చూసుకోండి. మన ఆడవాళ్ళకు పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది. ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి పేరు ఉంటే డబ్బు తీసుకునేటప్పుడు తిప్పలు పడతారు. ఆధార్, పాన్, బ్యాంకు, పి.ఎఫ్. నాలుగింటిలో పేరూ, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. పనిలో చేరేటప్పుడే సరిచేయించుకోండి.

ఇవి పట్టుకోకూడదు

యజమాని వేయాల్సిన వాటా మీ జీతంలోంచి పట్టుకోకూడదు. నూటికి 12 బదులు 24 పట్టుకుంటే అది తప్పు. మీ దగ్గర పట్టుకుని ఖాతాలో కట్టకపోతే అది నేరం. ఈ నెల పట్టుకున్న పి.ఎఫ్. వచ్చే నెల 15వ తేదీలోగా కట్టాలి. మీరు కాంట్రాక్టరు కింద పనిచేస్తూ ఉంటే, అతను కట్టకపోయినా అసలు కంపెనీ బాధ్యత తప్పదు.

కట్టారో లేదో ఎట్లా తెలుస్తుంది? పి.ఎఫ్.కు ఇచ్చిన మీ ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. మీ ఖాతాలో ఎంత ఉందో సందేశం వస్తుంది. నంబరు ముందుగా యాక్టివేట్ చేయించుకుని ఉండాలి. డబ్బు పడకపోతే ముందు ఆఫీసులో అడగండి. ఒక్కరే అడగడానికి జంకు ఉంటే నలుగురు కలిసి అడగండి. జవాబు రాకపోతే పి.ఎఫ్. వారి 14470కి ఫోన్ చేయండి. ఇ.ఎస్.ఐ. వారికి 1800112526. జీతం చీటీలు పారేయకండి. అవే మీకు సాక్ష్యం.

పనిలో చేరే రోజు ఇవి అడగండి

1. చెప్పిన జీతంలో చేతికి ఎంత వస్తుంది?
2. ఏమేం పట్టుకుంటారు? ఎంతెంత?
3. నా యు.ఎ.ఎన్. నంబరు, ఇ.ఎస్.ఐ. నంబరు ఏమిటి?
4. జీతం చీటీ ఏ తేదీన ఇస్తారు?

ఈ నంబర్లు ఒక నోటు పుస్తకంలో మీ చేత్తో రాసుకోండి. ఇంట్లో ఇంకొకరికి చూపించండి.

లెక్క వేద్దాం

ఒకామె జీతం 10,000 రూపాయలు. పి.ఎఫ్. ఎంత పట్టుకోవాలి? ఇ.ఎస్.ఐ. ఎంత? వృత్తి పన్ను ఎంత? చేతికి ఎంత రావాలి? ముందు మీరే వేయండి. తర్వాత ఇది చూడండి. పి.ఎఫ్. 1,200. ఇ.ఎస్.ఐ. 75. వృత్తి పన్ను లేదు. చేతికి 8,725.

మాట్లాడుకుందాం

మీ ఊళ్ళో పనికి పోయే ఆడవాళ్ళలో ఎంతమందికి జీతం చీటీ ఇస్తున్నారు? ఎంతమందికి తమ పి.ఎఫ్. నంబరు తెలుసు? పని మానేసి పాత డబ్బు సంగతి మరచిపోయినవాళ్ళు ఉన్నారా? వాళ్ళను కేంద్రానికి పిలవండి. ఈ పాఠం వాళ్ళకు చదివి వినిపించండి.