అమ్మ కువైట్‌లో... అవ్వే అమ్మ!
అవ్వాతాతల పెంపకంలో పిల్లల మనసు

కడప: రాయచోటి, రాజంపేట ప్రాంతాల పల్లెల నుంచి కువైట్‌కు వెళ్లే మహిళల్లో చాలామంది అక్కడి ఇళ్లలో పనికి కుదురుతారు. ఆ వీసాపై బిడ్డలను వెంట తీసుకెళ్లే వీలు లేదు. గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్లే మహిళకు కనీసం 30 ఏళ్లు ఉండాలన్నది కేంద్రం నిబంధన. ఆ వయసుకు బడి ఈడు పిల్లలుండటం సహజం. వారి భారం అవ్వాతాతలదే.

నెలనెలా డబ్బు వస్తోంది, వేళకు అన్నం దొరుకుతోంది, ఇంకేం లోటన్నది పెద్దల మాట. పిల్లలను అడిగేవారు అరుదు. పసితనంలోనే తల్లి వెళ్లిపోయిన బిడ్డకు అన్నం కలిపి పెట్టే అవ్వే అమ్మ. ఇందులో తప్పేమీ లేదు. తల్లి గానీ, ఆ స్థానంలో నిలకడగా ఉండే మరొకరు గానీ బిడ్డకు అవసరమని బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో వివరించారు. చిక్కల్లా తల్లి సెలవుపై వచ్చినప్పుడే. ఆమె చేతులు చాస్తే బిడ్డ అవ్వ కొంగు చాటుకు చేరుతుంది. తల్లికి అది గుండెకోత. బిడ్డకు మాత్రం ఆమె ఫోన్‌లో కనిపించే మనిషి.

ఊహ తెలిశాక విడిపోయిన పిల్లల బాధ వేరు. అమ్మ తమ కోసమే కష్టపడుతోందని వారికి తెలుసు. అందుకే కోపాన్ని ఆమెకు చూపరు. అది అవ్వపై విసుగుగా, బడిలో మౌనంగా బయటపడుతుంది. మరో భయమూ ఉంది. అవ్వ జ్వరంతో మంచం పడితే పిల్లలు బడికి కదలరు. ఇంటి పని ఒక కారణమైతే, ఆమెకేమైనా అయితే తమకెవరు దిక్కన్న దిగులు మరొకటి. దీన్ని సోమరితనంగా లెక్కగట్టే ఉపాధ్యాయులూ లేకపోలేదు.

ఇక ఫోన్ సంగతి. కువైట్ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి పదికి పని ముగించి తల్లి పిలిస్తే ఇక్కడ పన్నెండున్నర. బిడ్డ నిద్రలో ఉంటుంది. ఇంటి పనివారికి వారానికో రోజు సెలవు ఇవ్వాలని కువైట్ 2015లో చట్టం చేసింది. అది శుక్రవారం దొరికితే ఇక్కడ బడి వేళ. సాయంత్రం ఒక సమయం అనుకొని, అయిదు నిమిషాలైనా తప్పకుండా మాట్లాడటం మేలు. పిల్లలు ఎదురుచూసేది ఆ పిలుపు కోసమే. పంపిన బొమ్మల పెట్టె దానికి సాటి రాదు.

తల్లి శాశ్వతంగా తిరిగొచ్చాక బిడ్డను ఒక్కసారిగా అవ్వ నుంచి వేరు చేయడం తగదు. కొన్ని నెలలు అవ్వ పక్కనే పడుకోనివ్వాలి. ‘నీకు అవ్వ ఎక్కువా, నేనా’ అన్న ప్రశ్న నవ్వులాటకైనా అడగరాదు.