సర్దుకుపోవుట అంటే ఏమిటి?

ఇంగ్లీషు పాఠములో మన పిల్లలను తికమకపెట్టే మాటలు రెండున్నవి. మన నోట రెండూ ‘అడాప్ట్’ అనే పలుకుతాయి. వ్రాతలో మాత్రము నడిమి అక్షరము ఒకదానికి ‘ఎ’, మరొకదానికి ‘ఓ’.

రెండూ లాటిన్ భాషనుండి వచ్చినవే. ‘ఓ’ ఉన్న మాటకు మూలము ‘ఓప్టారె’, అనగా కోరి ఎన్నుకొనుట. అదే దత్తత. ‘ఎ’ ఉన్న మాటకు మూలము ‘ఆప్టారె’, అనగా తగినట్టు అమర్చుట. దానినుండి పుట్టిన విశేషణమే ‘అడాప్టబుల్’: పరిస్థితికి తగినట్టు ఇమడగల గుణము గలది.

ఎర్రగుంట్ల వారికి ఈ మాట నాపరాయి చూపి చెప్పవచ్చు. బేల్దారి బండ పరిచేటప్పుడు అంచు కొట్టి పక్క బండకు సరిచేస్తాడు. అంచు తగ్గుతుంది గాని రాయి రాయిగానే ఉంటుంది. మన చేలలో జొన్న కూడా అంతే. వాన వెనుకబడితే ఆకు చుట్టుకొని, ఎదుగుదల ఆపి, తేమను కాపాడుకొంటుంది. పదును కాగానే మళ్లీ లేస్తుంది. అంతవరకు వేరు విడువదు.

పౌలు యూదులతో యూదునిగా, ధర్మశాస్త్రము లేనివారితో వారివలె మెలగెను (1 కొరింథీ 9:20-22). లేమిలోను కలిమిలోను సంతృప్తి నేర్చుకొంటినని బంధకములలోనుండి వ్రాసెను (ఫిలిప్పీ 4:11-12). ఆయనే ఈ లోకపు అచ్చులో పడవద్దని కూడ హెచ్చరించెను (రోమా 12:2). ఇమడవలసినది అంచు, విడువకూడనిది వేరు.

మన యిండ్లలో “సర్దుకుపో అమ్మా” అనే మాట ఎవరితో చెప్పుచున్నాము? ఎప్పుడును కోడలితోనే గదా! ఒక్క బండనే కొట్టుచుపోతే అది పగులును. అత్తమామలు, భర్త కూడ తమ అంచులు సరిచేసుకొంటేనే సందు లేకుండ కూడును. త్రాగి కొట్టువాని యింట మౌనముగా పడియుండుట ఈ గుణము కాదు. అట్టి బిడ్డకు సంఘము అండగా నిలువవలెను.

దేవుని క్రమము గమనించండి. ఆయన మనలను మొదట దత్తత చేసుకొనెను (ఎఫెసీ 1:5), ఆ తరువాతనే దిద్దుచున్నాడు. కోడలిని కూడ మొదట కూతురిగా చేర్చుకొందము. ప్రేమతో చేర్చుకొన్న చోట ఇమడుట భారము కాదు.