క్లిక్కు క్లిక్కుకీ ఓ లెక్కుంది!

బీరువాలో భద్రంగానే ఉంది కదా, కెమెరాకేమవుతుంది అనుకుంటాం. రోజూ వాడితే అరిగిపోతుంది. వాడకుండా దాచితే లోపల్లోపలే పాడవుతుంది. ఒకప్పుడు మనింటి వేడుకలన్నిటికీ సాక్షిగా నిలిచిన డిజిటల్ కెమెరాకి వయసు ఎలా మీద పడుతుందో చూద్దామా!

2012 శ్రావణమాసం. తెనాలి దగ్గర ఓ పల్లెటూళ్లో పెళ్లి. అర్ధరాత్రి దాటింది. బాజాభజంత్రీలు ఒక్కసారిగా ఊపందుకున్నాయి. పంతులుగారు చెయ్యెత్తి సైగ చేశారు. అడ్డుతెరకి అటొకరూ ఇటొకరూ కూర్చున్న వధూవరులు ఒకరి తలమీద ఒకరు జీలకర్రా బెల్లం పెట్టారు. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫర్ బటన్ నొక్కాడు. ఎప్పుడూ 'టక్'మనే కెమెరా 'కర్ర్'మంది. చూస్తే, ఫొటోలో సగం నల్లగా ఉంది. మళ్లీ నొక్కాడు. ఈసారి కదల్లేదు.

'పంతులుగారూ, ఒక్కసారి మళ్లీ పెట్టించండని బతిమాలాను. ముహూర్తం మళ్లీ వస్తుందా నాయనా అన్నారాయన' అని ఇప్పుడు నవ్వుతూ చెబుతాడు ఆ ఫొటోగ్రాఫర్. ఆ రాత్రి మాత్రం కాళ్లకింద నేల కదిలినట్టయిందట. పక్కనే వీడియో తీస్తున్న కుర్రాడి దగ్గర ఆ దృశ్యం ఉండబట్టి, అందులోంచి ఓ బొమ్మ తీయించి ఆల్బంలో అతికించి గట్టెక్కాడు. అయినా పెళ్లికూతురి తండ్రి రెండువేలు కోసుకునే మిగతా డబ్బిచ్చాడు. కెమెరా కొని అప్పటికి మూడేళ్లే. కిందపడింది లేదు, నీళ్లలో తడిసింది లేదు. మరేమైంది?

'ముసలిదైపోయింది' అన్నాడు మెకానిక్. మూడేళ్లకే!

లోపలా ఓ అడ్డుతెర

డిజిటల్ అనగానే అందులో అరిగేదేముంటుందీ అనిపిస్తుంది. రీలు లేదు, తిప్పే పని లేదు. నిజానికి పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఏళ్ల తరబడి వాడిన డీఎస్ఎల్ఆర్ కెమెరాల లోపల కుట్టుమిషన్‌కి తీసిపోనంత హడావుడి ఉంటుంది. బటన్ నొక్కగానే లెన్సు వెనకున్న అద్దం టక్కున పైకి లేస్తుంది. సెన్సర్‌కి అడ్డంగా ఉన్న షట్టర్ తెర పక్కకి తప్పుకుంటుంది. వెలుగు లోపలికి పడుతుంది. వెంటనే రెండో తెర వచ్చి మూసేస్తుంది. అద్దం మళ్లీ కిందికి దిగుతుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా అయిపోవాలి. ఆ తెరలేమో కాగితాల్లాంటి పల్చటి రేకులు. వాటిని లాగే స్ప్రింగులూ పళ్లచక్రాలూ అంతకన్నా సున్నితం.

ప్రతి క్లిక్కుకీ ఈ తతంగమంతా జరగాల్సిందే. అందుకే షట్టర్‌కి ఆయుష్షుని ఏళ్లలో కాదు, క్లిక్కుల్లో లెక్కేస్తారు. 2008లో వచ్చిన నికాన్ డి90 షట్టర్‌ని లక్ష క్లిక్కుల వరకూ పరీక్షించారు. అదే ఏడాది వచ్చిన కెనాన్ 5డి మార్క్2కి లక్షన్నర. 2007 నాటి ఖరీదైన నికాన్ డి3కి మూడు లక్షలు. అలాగని లక్ష దాటగానే షట్టర్ ఆగిపోవాలనేం లేదు. మనుషుల్లాగే కొన్ని నూరేళ్లూ హాయిగా లాగేస్తాయి, కొన్ని ముందే చతికిలబడతాయి.

లక్షంటే చాలా ఎక్కువ అనుకుంటున్నారా? ఇంట్లో వాడుకునేవాళ్లకి అది జన్మకి సరిపోతుంది. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌కి మాత్రం కాదు. రీలు ఉన్న రోజుల్లో 36 ఫొటోల రీళ్లు అరడజను తెచ్చుకుంటే పెళ్లంతా అయిపోయేది. ఆచితూచి నొక్కేవారు. డిజిటల్ వచ్చాక చేతికి అడ్డే లేకుండా పోయింది. మన తెనాలి ఫొటోగ్రాఫర్ లెక్క ప్రకారం ఓ పెళ్లికి తక్కువలో తక్కువ పదిహేనువందల క్లిక్కులు. ఏడాదికి ముప్ఫై పెళ్లిళ్లంటే నలభై అయిదువేలు. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే లక్ష! మూడో ఏటికి ఆ కెమెరా నిజంగానే వృద్ధాప్యంలో ఉందన్నమాట. షట్టర్ మార్పిస్తే మరో నాలుగేళ్లు పనిచేసింది. అప్పట్నుంచీ పెళ్లికి రెండు కెమెరాలు లేకుండా వెళ్లడం మానేశాడు.

సెకండ్‌హ్యాండ్ బండి కొనేముందు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తాం కదా, పాత కెమెరాకీ ఆ మీటరు ఉంటుంది. ఫొటో పేరులో ఉండే నంబరు చూసి మోసపోకూడదు. అది 9999 దాటగానే మళ్లీ ఒకటికొచ్చేస్తుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లైతే అసలు లెక్కని ప్రతి ఫొటో వెంట దాగుండే సమాచారంలో రాసిపెడతాయి. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇప్పుడొస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దం లేదు. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో అయితే కదిలే షట్టరే లేదు. ఆ గోల అక్కడితో తీరింది.

పసుపూ కుంకుమా పడవు

పైపై అరుగుదల సంగతి వేరు. కుడిచేతి కింద రబ్బరు చెమటకి ఉబ్బి, అంచుల దగ్గర లేచిపోతుంది. కొన్ని కెమెరాల మీద మెత్తగా ఉండటానికి వేసిన పూత కొన్నేళ్లకి కరిగి బెల్లంపాకంలా చేతికంటుకుంటుంది. చక్రం మీది గుర్తులు చెరిగిపోతాయి. వీటివల్ల ఫొటోకి వచ్చిన నష్టమేం లేదు. చెప్పాలంటే అలాంటి కెమెరాని చూస్తే ముచ్చటేస్తుంది కూడా, అమ్మమ్మ చేతిలో అరిగిన అట్లకాడలా.

లోపలికెళ్లే దుమ్ముతోనే అసలు పేచీ. లెన్సు మార్చే ప్రతిసారీ కెమెరా నోరు తెరుస్తుంది. మన పెళ్లిపందిరి సంగతి తెలిసిందే... పసుపు, కుంకుమ, అక్షింతలు, హోమం పొగ! అన్నీ వెళ్లి సెన్సర్ ముందున్న గాజుపలక మీద కూర్చుంటాయి. తర్వాత తీసే ప్రతి ఫొటోలో, ముఖ్యంగా ఆకాశమో తెల్లగోడో ఉన్నచోట, మసకమసకగా చుక్కలు కనిపిస్తాయి. బయటి దుమ్మే కాదు, షట్టరే చిందించే నూనె తుంపర్లతోనూ ఈ బాధ ఉంటుంది. 2012లో వచ్చిన నికాన్ డి600 మీద ఇలాంటి ఫిర్యాదులే వెల్లువెత్తాయి. మర్నాడే డి610 తెచ్చినా విమర్శలు ఆగలేదు... మర్నాడంటే మర్నాడు కాదనుకోండి, 2013లో. చివరికి 2014లో వారంటీతో పనిలేకుండా ఉచితంగా బాగుచేసిస్తామని కంపెనీ ప్రకటించింది.

మచ్చల్లో మరో రకం ఉంది. రాత్రిపూట తీసిన ఫొటోల్లో ఎప్పుడూ ఒకేచోట ఎర్రగానో తెల్లగానో ఓ చుక్క మెరుస్తుంటుంది. అది దుమ్ము కాదు. సెన్సర్‌లోని లక్షలాది గళ్లలో ఒకటి చెడిపోయిందని గుర్తు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు తగిలినా ఇలా అవుతుంది. వయసుతోపాటు ఇలాంటి చుక్కలు పెరుగుతాయి. చెడిన గడిని వదిలేసి పక్కవాటిని బట్టి నింపేయమని కెమెరాకి చెప్పే వీలుంది కాబట్టి పెద్దగా బెంగ అక్కర్లేదు.

బెంగపడాల్సిన కథ ఒకటి 2005లో జరిగింది. సోనీ 2002 అక్టోబరు - 2004 మార్చి మధ్య తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సర్లలో లోపం బయటపడింది. వేడి, తేమ ఎక్కువున్నచోట లోపలి సన్నటి తీగల అతుకులు ఊడిపోయేవి. కెమెరా ఆన్ అవుతుంది, ఫ్లాష్ వెలుగుతుంది, బొమ్మ మాత్రం నల్లగానో చారలుచారలుగానో వస్తుంది. ఆ సెన్సర్లు సోనీవాటిలోనే కాదు, కెనాన్, నికాన్, ఫ్యూజీ లాంటి చాలా కంపెనీల కెమెరాల్లో ఉన్నాయి. అందరూ ఉచితంగా బాగుచేసివ్వాల్సి వచ్చింది. వేడీ ఉక్కా అంటే మన కోస్తా వాతావరణమే. ఆ రోజుల్లో 'ఊరికే పాడైపోయింది' అనుకుని పక్కన పడేసిన కెమెరాల్లో ఇలాంటివీ ఉండే ఉంటాయి.

బీరువాలో వనవాసం

ఇదంతా పనిచేసి అలసిపోయిన కెమెరాల సంగతి. అసలు పనే చేయని కెమెరా ఒకటి మా ఇంట్లో ఉంది. 2006లో అక్క ఓణీల ఫంక్షన్‌కని నాన్న కొన్నారు. అరచేతిలో పట్టేంత చిన్నది. ఐదేళ్లు వాడారు. తర్వాత ఇంట్లోకి మంచి ఫోన్ వచ్చింది, కెమెరా బీరువాలోకి వెళ్లింది. అందరిళ్లలోనూ జరిగిందిదే. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి. 2023 నాటికి అవి 80 లక్షల లోపే.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న దాన్ని బయటికి తీశారు. 2010లో పోయిన నానమ్మ ఫొటో కోసం. గోడ మీదున్నది ఓటరు కార్డు నుంచి పెద్దది చేయించిన బొమ్మ. అందులో నానమ్మ ఎవరిమీదో కేసు పెట్టడానికి వచ్చినట్టుంటుంది. 'నవ్వుతుంటే ఒకటి తీశానురా, ఇందులోనే ఉండాలి' అంటారాయన. స్విచ్ నొక్కితే ఉలుకూపలుకూ లేదు. బ్యాటరీ తీద్దామంటే రాదు, ఉబ్బిపోయి బిగుసుకుపోయింది. ఎక్కించుకోవాల్సిన ఫొటోలు అప్పట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించామనే అనుకున్నాం. ఆ కంప్యూటర్ పాతసామాన్లవాడి బండెక్కి పదేళ్లయింది.

హైదరాబాద్ వచ్చాక కోఠిలో ఓ రిపేరు దుకాణానికి తీసుకెళ్లా. రీళ్ల కెమెరాల కాలం నుంచీ అదే పనిలో ఉన్న పెద్దాయన. అటూఇటూ తిప్పి చూసి, 'ఎన్నేండ్లయింది సార్ దీన్ని బయటికి తీసి?' అన్నాడు. పద్నాలుగేళ్లు దాటిందన్నా. తల పంకించి ఒక్కో భాగం చూపించుకుంటూ వచ్చాడు.

ముందు బ్యాటరీ. లిథియం బ్యాటరీ వాడకపోయినా వయసు మీద పడుతుంది. ఫుల్‌గా ఛార్జి చేసి వేడిలో ఉంచితే మరీ తొందరగా. దాచాలనుకుంటే సగం ఛార్జితో, కెమెరాలోంచి తీసి విడిగా దాచాలి. ఉబ్బినదాన్ని పొడవకూడదు, మళ్లీ ఛార్జి చేయకూడదు. పెన్సిల్ సెల్స్ వేసే కెమెరాలదింకో అవస్థ. సెల్స్ కారి, తెల్లటి పొడి కట్టి, లోపలి రేకుల్ని తినేస్తుంది. కొద్దిగా పట్టినప్పుడే దూదిపుల్లకి కాస్త నిమ్మరసం అద్ది తుడిచి ఆరబెడితే బతుకుతుంది.

తర్వాత లెన్సు. వెలుగుకి ఎదురుపెట్టి చూపిస్తే లోపల సాలెగూడులాంటి సన్నటి పోగులు. బూజు! గాలిలో తేమ అరవై శాతం దాటి అలాగే ఉంటే, చీకట్లో, గాలాడనిచోట ఇది మొదలవుతుంది. ముదిరితే అది వదిలే ఆమ్లం గాజుమీది పూతని శాశ్వతంగా తినేస్తుంది. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచడమంటే దానికి పందిరేసి నీళ్లు పోసినట్టే. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి పెట్టడం నయం. బియ్యండబ్బాలో పెట్టే అలవాటు కొందరికుంది. తేమ సంగతేమోకానీ బియ్యప్పిండి లోపలికి చేరుతుంది.

'ఇదేం వాసన?' అన్నాడు పెద్దాయన ఉన్నట్టుండి. కలరా ఉండలు. చీరలతోపాటు కెమెరాకీ పట్టిన వాసన. అమ్మ ఎంతో జాగ్రత్తగా వేసినవే. అవి ఉన్నచోట కెమెరా పెట్టొద్దని కంపెనీల మాన్యువల్స్‌లోనే రాసుంటుంది. నెలకోసారైనా బయటికి తీసి నాలుగు క్లిక్కులు కొట్టమని కూడా. ఆ పుస్తకం ఎవరు చదివారు గనక!

ఇక ఫ్లాష్. దాని వెనకున్న కెపాసిటర్‌లో మూడువందల వోల్టుల దాకా నిల్వ ఉంటుంది. స్విచ్ ఆపాక కూడా షాక్ కొడుతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంట్లో విప్పే సరదా ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. పెద్దాయన వేళ్లమీద రెండు పాత మచ్చలు చూపించాడు.

మరి కార్డు? చిన్న బిస్కెట్టు ముక్కలా ఉండే ఎక్స్‌డీ కార్డు అది. ఒలింపస్, ఫ్యూజీ కలిసి 2002లో తెచ్చాయి. తర్వాత వాళ్లే దాన్ని వదిలేసి అందరిలాగా ఎస్డీకి మారిపోయారు. ఇప్పుడు దాన్ని చదివే రీడర్ దొరకడమే గగనం. పైగా మెమరీకార్డులో ఫొటో ఉండటమంటే రాతిమీద చెక్కినట్టు కాదు. లోపలి గళ్లలో విద్యుదావేశం నిలిచి ఉన్నంతకాలమే. ఏళ్లు గడిచేకొద్దీ అది చుక్కచుక్కగా కారిపోతుంటుంది. ఫొటోలు ఒక్కచోటే ఉంచొద్దనేది అందుకే. కార్డులో ఉన్నవి ఈ ఆదివారమే ఇంకోచోటికి ఎక్కించుకోండి, మీ ఇంట్లోనూ ఏ సొరుగులోనో ఒకటుండే ఉంటుంది.

పెద్దాయన సొరుగంతా వెతికి ఓ పాత రీడర్ తీశాడు. 211 ఫొటోలున్నాయని చూపించింది. అందులో తొమ్మిది తెరుచుకోలేదు. అక్క ఓణీ, గుడి మెట్లు, నేను పరీక్షల ముందు పుస్తకం మీద నిద్రపోతూ, పేరు గుర్తురాని ఓ చుట్టం... 164వది నానమ్మ. వంటింటి గడపలో కూర్చుని, ఫ్లాష్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని, 'తీయకురా' అంటూ నోరంతా తెరిచి నవ్వుతోంది. మూలన తేదీ 01.01.2005. అప్పటికి ఆ కెమెరా మా ఇంటికే రాలేదు. లోపలి గడియారానికి బుల్లి బ్యాటరీ ఒకటుంటుందట, అది చచ్చిపోతే తేదీ మొదటికొచ్చేస్తుందట.

ఆ రాత్రే ఫొటో ఫోన్‌లో పంపా. నాన్న చాలాసేపటికి ఫోన్ చేశారు. ఫ్రేమ్ ఎంత సైజులో కట్టించాలో అడిగారు. తర్వాత, కెమెరా బాగవుతుందా అన్నారు. దాని ఖరీదు కన్నా రిపేరుకే ఎక్కువవుతుందట అని చెప్పా.

'అయితే ఏం, తెచ్చెయ్' అన్నారు.

తెచ్చిచ్చా. బ్యాటరీ లేని కెమెరా మళ్లీ బీరువాలోకే వెళ్లింది. కలరా ఉండలు మాత్రం అమ్మ కింది అరలోకి మార్చింది.