ఏ పైపుకు ఏ చొక్కా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేశారు. "నాకు రాయడం ఏమొచ్చురా, పైపులు చుట్టుకునేవాణ్ణి" అన్నాను. "అయితే అదే రాయండి అన్నా, మన సోలార్ సంగతి కూడా తేలిపోతుంది" అన్నారు. అది నాకు తగలాల్సిన చోటే తగిలింది. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని హాస్టల్ డాబా మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించాం కదా. పైన ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, కింద స్నానాల గదిలోకి వచ్చేసరికి గోరువెచ్చన. పిల్లలు దానికి "చన్నీళ్ల సోలార్" అని పేరు పెట్టారట. తప్పు హీటర్‌ది కాదు, మాది. డబ్బు చాల్లేదని పైపులకు ఏమీ చుట్టకుండా వదిలేశాం. ఈ పని మీదే బతికే నేను కమిటీలో ఉండి కూడా గట్టిగా చెప్పలేదు.

ముందు అసలు విషయం. వేడి ఎప్పుడూ వేడిగా ఉన్న చోటు నుంచి చల్లగా ఉన్న చోటుకే పోతుంది. పైపు చుట్టూ చుట్టేది ఏదైనా దాన్ని పూర్తిగా ఆపలేదు, ఆలస్యం చేస్తుందంతే. ఆ ఆలస్యం చేసేది కూడా దూదో, నురగో కాదు, వాటిలో కదలకుండా ఇరుక్కుపోయిన గాలి. ఊక, రంపపు పొట్టు, థర్మోకోల్, గ్లాస్‌వూల్ అన్నీ గాలిని పట్టి ఉంచే సంచులే. ఆ గాలి స్థానంలోకి నీళ్లు వచ్చాయంటే పని అయిపోయినట్టే. కదలని గాలి కంటే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా సులువుగా పోనిస్తుంది. మంచుగడ్డ అయితే అంతకు మరో మూడున్నర రెట్లు.

మన కొల్లేరు వైపు వాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. ఐసు దిమ్మల్ని ఊకలో, రంపపు పొట్టులో పాతిపెట్టడం చూస్తూ పెరిగినవాళ్లమే. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో ఐసు పంపారు. 180 టన్నులు బయలుదేరితే నాలుగు నెలల ప్రయాణం తరువాత కూడా సుమారు 100 టన్నులు మిగిలింది. అదే వ్యాపారి ఐసు కోసమే 1842లో మద్రాసు సముద్రం ఒడ్డున ఐస్‌హౌస్ కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసిన భవనం అదే.

పని నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పే మాట: ఏది కొనాలో అడగకు, పైపులో ఏం పోతోందో అడుగు. వేడి పైపు, చల్ల పైపు రెండూ వేర్వేరు కులస్తులు కాదు గాని, వేర్వేరు జబ్బులున్న రోగులు.

వేడి పైపు సంగతి తేలిక. ఉప్పుడు బియ్యం మిల్లులో, నూనె ఫ్యాక్టరీలో ఆవిరి పైపు తీసుకోండి. 7 బార్ ప్రెషర్ దగ్గర ఆవిరి 170 డిగ్రీలు ఉంటుంది. రెండంగుళాల ఇనుప పైపును ఒట్టిగా వదిలేస్తే నా లెక్కలో మీటరుకు 400 వాట్లకు పైనే వేడి గాలిలో కలిసిపోతుంది. 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ చుట్టి పైన అల్యూమినియం రేకు తొడిగితే అది సుమారు పదోవంతుకు దిగుతుంది. ఊక తగలబెట్టే ఖర్చు మాట అటుంచి, పక్కన నడిచేవాడి చెయ్యి తగిలితే చర్మం ఊడదు. రాక్‌వూల్ 600 డిగ్రీలకు కూడా తట్టుకుంటుంది. థర్మోకోల్ 80 డిగ్రీలు దాటితే ముడుచుకుపోతుంది. మిగిలిపోయింది కదా అని ఒకాయన ఆవిరి పైపుకు థర్మోకోల్ కట్టడం నా కళ్లతో చూశాను. సాయంత్రానికి పైపు మీద అప్పడంలా అంటుకుని ఉంది. పఫ్, నల్ల నైట్రైల్ రబ్బరు నురగ 100 డిగ్రీల లోపు పనులకు బాగుంటాయి. ఆవిరికి పనికిరావు.

ఒక జాగ్రత్త. పాత ఫ్యాక్టరీల్లో ఆవిరి పైపుల మీద సుద్దలాంటి తెల్లటి పూత కనిపిస్తే చేత్తో రాల్చవద్దు. ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాని నూగు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత క్యాన్సర్ తెస్తుంది. రోజుకూలీ ఎంత ఎక్కువ ఇస్తామన్నా ఒప్పుకోకండి.

చల్ల పైపు దగ్గరే అసలు కష్టం. దానికి శత్రువు వేడి ఒక్కటే కాదు, గాలిలోని చెమ్మ. చన్నీళ్ల స్టీలు గ్లాసుకు బయట చెమట పట్టడం చూస్తూనే ఉంటాం. మన డెల్టాలో వానాకాలం గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. అప్పుడు 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా చెమట పడుతుంది. అంటే పైపు చుట్టిన తరువాత, ఆ చుట్టిన దాని బయటి తొడుగు 28 డిగ్రీల పైన ఉండాలి. ఏసీ రాగి పైపు 7 డిగ్రీలు ఉంటే 9 మిల్లీమీటర్ల నైట్రైల్ గొట్టం తొడిగినా పైన 26 డిగ్రీలే ఉంటుంది. చెమట కారి సీలింగు పాడవుతుంది. 13 మిల్లీమీటర్లయితే అటూ ఇటూ. 19 అయితే నిశ్చింత. షాపువాళ్లు ఎక్కువగా 9 చేతిలో పెడతారు. పొడి గాలి ఉన్న ఊళ్లలో అది చాలుతుందేమో, మనకు చాలదు. ఇంకో మాట, మామూలు స్ప్లిట్ ఏసీలో సన్న పైపు, లావు పైపు రెండూ చల్లగానే ఉంటాయి. రెండూ కలిపి ఒకే గొట్టంలో దూర్చకుండా దేనికది తొడగాలి.

ఈ చెమ్మ విషయం నేను నేర్చుకున్న తీరు చెప్పాలి. ఐటీఐ అయ్యాక కొల్లేరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరాను. అమ్మోనియా పైపుకు థర్మోకోల్ దోనెలు కట్టి, జాయింట్లలో వేడి తారు పోసి, పైన తారు పూసిన గుడ్డ చుట్టాలి. వెనక వైపు గోడకు ఆనుకున్న చోట చెయ్యి దూరదు. అక్కడ తారు పొయ్యకుండానే గుడ్డ చుట్టేశాను. పైకి నున్నగా కనిపించింది. మేస్త్రీ గారు కూడా బాగుందన్నారు.

రెండేళ్లు ఏమీ కాలేదు. లోపల జరిగింది ఇది. జాయింటు సందులోంచి తేమ గాలి దూరింది. మైనస్ 10 డిగ్రీల పైపు మీద ఆ తేమ మంచయి గడ్డకట్టింది. పని లేని రోజుల్లో ప్లాంటు ఆపినప్పుడల్లా ఆ మంచు కరిగి నీళ్లయి, బయటికి పోయే దారి లేక పైపును అంటిపెట్టుకునే ఉంది. పైన చొక్కా నున్నగానే ఉంది, లోపల ఒళ్లు తుప్పు పట్టింది. ఒక మధ్యాహ్నం అక్కడ సూది బెజ్జమంత చిల్లు పడింది. అమ్మోనియా ఘాటుకు కళ్లు తెరవలేకపోయాం. తడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటపడ్డాం. వాల్వు కట్టడానికి వెళ్లిన నా తోటి హెల్పరు వారం రోజులు సరిగా చూడలేకపోయాడు. వెంటనే కుళాయి కింద కూర్చోబెట్టి పావుగంట పైగా కళ్లు కడిగినందువల్ల చూపు మిగిలిందని డాక్టరు గారు చెప్పారు. ఆ పైపు విప్పినప్పుడు చూశాను. తారు లేని జాయింటు నాదే. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ అప్పుడు చెప్పలేదు. మొదటిసారి ఇక్కడ రాస్తున్నాను.

అందుకే చల్ల పైపుకు ఏది చుట్టినా ముఖ్యమైనది బయటి పొర, చెమ్మను రానివ్వని పొర. గ్లాస్‌వూల్ చల్ల పైపుకు చుడితే పైన అల్యూమినియం ఫాయిల్‌తో సందు లేకుండా మూయాలి, ఒక్క చిరుగు ఉన్నా దూది నీళ్లు తాగుతుంది. నైట్రైల్ రబ్బరులో గాలి గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి కొంత నయం, కానీ చీలిక, జాయింటు మాత్రం గమ్‌తో అతికించాల్సిందే. టేపు ఒక్కటే చుడితే ఎండాకాలానికి ఊడుతుంది. వేడి పైపు మీది దూది వానకు తడిసినా పైపు వేడికి ఆరుతుంది. చల్ల పైపుకు ఆ అవకాశం లేదు.

ఇళ్లలో మంచినీళ్ల పైపులకు మన దగ్గర పెద్ద అవసరం లేదు. చలిదేశాల్లో పైపులో నీరు గడ్డకట్టి తొమ్మిది శాతం ఉబ్బి పైపునే పగలగొడుతుంది. గూడెంలో ఆ బాధ లేదు.

ఇక మన చన్నీళ్ల సోలార్. నీళ్లు 60 డిగ్రీలు కాబట్టి 13 మిల్లీమీటర్ల నైట్రైల్ గొట్టం సరిపోతుంది. డాబా మీద ఎండకు ఆ నలుపు రబ్బరు రెండు మూడేళ్లలో పగుళ్లిచ్చి పొడిపొడిగా రాలుతుంది, అందుకని బయట ఉన్నంత మేర పైన రేకు తొడగాలి. లోపల అక్కర్లేదు. ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లలో సుమారు ఆరు లీటర్లు నిలిచి ఉంటాయి. చుట్టకపోతే ఆ నీళ్లు ముప్పావు గంటలో చాలావరకు చల్లారిపోతాయి. చుడితే అందుకు మూడింతలు సేపు పడుతుంది. రాత్రంతా మాత్రం వేడి నిలవదు. తెల్లవారుజామున మొదట లేచినవాడికి ఎలాగూ ఆరు లీటర్లు చన్నీళ్లే వస్తాయి, ఆ బకెట్టు బట్టలకు పక్కన పెట్టుకోండి. తరువాత వరసలో ఉన్నవాళ్లకు వేడినీళ్లు.

గొట్టాలు, గమ్, రేకు నేను తెస్తాను. వార్షికోత్సవం అయిన మరుసటి ఆదివారం పొద్దున్నే వస్తాను. నిచ్చెన పట్టుకోవడానికి ఇద్దరు కావాలి, గోడ వెనక చెయ్యి దూరేంత సన్నగా ఉన్నవాడు ఒకడు. వార్డెన్ గారికి ముందే చెప్పి ఉంచండి.

— మీ పూర్వ విద్యార్థి