పెద్ద ఉప్పునీటి ఆక్వేరియంలో పొత్తు కుదిరే చేపల ఎంపిక

మిశ్రమ చేపల పెంపకంలో బొచ్చె నీటి పైపొరలోను, శీలావతి మధ్యపొరలోను, ఎర్రమోసు అడుగునను మేత తీసుకొంటాయన్నది మత్స్యశాస్త్ర విద్యార్థి తొలినాళ్ళలోనే నేర్చుకొనే పాఠం. ఒకదాని మేతకు మరొకటి అడ్డు రాదు కనుక మూడు జాతులూ ఒకే చెరువులో పొత్తుగా పెరుగుతాయి. ఇంటిలో పెద్ద ఉప్పునీటి ఆక్వేరియం పెట్టదలచినవారు సలహాకు వచ్చినపుడు ఇదే సూత్రాన్ని అన్వయించాలనిపించడం సహజం. కాని పగడపు దిబ్బల చేపల విషయంలో ఈ సూత్రం సగం దూరమే తోడు వస్తుంది. మేతలో పోటీ లేకపోయినా చోటు కోసం ఒకదానినొకటి చంపుకొనే జాతులు అక్కడ అనేకం.

ఈ తేడాను గుర్తించకపోవడం వలన కలిగే నష్టం కొన్నవారి డబ్బుతో ముగియదు. గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ వంటి మంచినీటి అలంకార చేపలు పెంపక కేంద్రాలలో పుట్టినవి. సముద్రపు అలంకార చేపలలో అధిక భాగం నేటికీ పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. తొట్టెలో చనిపోయిన ప్రతి చేప స్థానంలో మరొక చేప దిబ్బ నుండి రావలసి ఉంటుంది. అందువలన ఏ చేపలు కలిసి బ్రతుకుతాయన్న ప్రశ్నకు సరైన సమాధానం చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తకు చిన్న బాధ్యత కాదు.

చోటు కోసం పోరు

పగడపు దిబ్బ చేపలలో ఎక్కువ భాగం పిల్లదశలో కొన్ని వారాలపాటు ప్రవాహంతో కొట్టుకొనిపోయి, చివరకు దిబ్బ మీద ఒక చోట స్థిరపడతాయి. ఆ చోటే వాటికి దాగుడు తావు, మేత తావు, గ్రుడ్లు పెట్టే తావు. కొన్ని డాంసెల్ జాతులు రాతి మీద నాచును తోటవలె కాపాడుకొంటూ, తమకన్న ఎన్నో రెట్లు పెద్ద చేపను కూడా తరుముతాయి. చెరువులో తిరిగే శీలావతికి ఇటువంటి సొంత హద్దు లేదు. మిశ్రమ పెంపక సూత్రం ఇక్కడ తడబడడానికి మూలకారణం ఇదే.

హద్దు కాపాడుకొనే చేప అందరినీ సమానంగా ద్వేషించదు. దాని కోపం మొదట సొంత జాతి మీద, తరువాత దగ్గరి బంధుజాతుల మీద, ఆ తరువాత ఆకారంలోనో రంగులోనో మేతలోనో తనను పోలిన చేపల మీద చూపుతుంది. ఎల్లో టాంగ్, పౌడర్ బ్లూ టాంగ్ రెండూ పళ్ళెం వంటి శరీరం గలవి, రెండూ నాచును గీకి తినేవి. తోక మొదట కత్తివంటి ముల్లు రెండింటికీ ఉంటుంది. వీటిని ఒకే తొట్టెలో వేస్తే ఆ ముల్లుకు పని పడుతుంది. అదే ఎల్లో టాంగ్ తన ప్రక్కనే ఇసుకలో బొరియ చేసుకొన్న గోబీని సాధారణంగా లెక్కచేయదు. పోలిక ఎంత ఎక్కువైతే పోరు అంత ఎక్కువ అనే ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే, పేరు తెలియని జాతి ఎదురైనపుడు కూడా ఎంపికలో పెద్ద పొరపాటు జరగదు.

సముద్రంలో ఓడిన చేప పారిపోతుంది. తొట్టెలో పారిపోవడానికి గాజు గోడ దాటి చోటు లేదు. గెలిచిన చేపకు ఆ ఓడిన చేప ఇంకా తన హద్దులోనే ఉన్నట్లు కనిపిస్తుంది కనుక దాడి ఆగదు. ఆరడుగుల తొట్టె మనిషి కంటికి పెద్దదే గాని, టాంగ్ వంటి చేప దిబ్బ మీద తిరిగే పరిధిలో అది ఒక మూల మాత్రమే. “తొట్టె పెద్దది, అన్నీ సర్దుకొంటాయి” అనే మాట ఎక్కువ నష్టం చేసిన సలహాలలో ఒకటి.

దుకాణంలో అన్నీ కలిసే ఉన్నాయి గదా అన్నది తరచుగా వినిపించే మరొక వాదన. దుకాణపు తొట్టెలో రాళ్ళు ఉండవు, చేపలు కిక్కిరిసి ఉంటాయి, నాలుగు రోజులకొకసారి కొత్తవి వచ్చి పాతవి పోతుంటాయి. హద్దు ఏర్పరచుకొనే అవకాశమే లేనపుడు పోరు పైకి కనిపించదు. అవే చేపలు ఇంటిలో రాళ్ళమధ్య కుదురుకొన్న రెండు మూడు వారాలకు అసలు స్వభావం బయటపెడతాయి.

తొట్టె కొలత, నీటి స్వభావం

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల తొట్టెను ఉదాహరణగా తీసుకొందాం. దీని ఘనపరిమాణం 24 ఘనపుటడుగులు, అనగా సుమారు 680 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా నిజంగా ఉండే నీరు 550 నుండి 600 లీటర్లు. గాజు, రాళ్ళు, బల్లతో కలిపి బరువు ముప్పాతిక టన్నుకు పైబడుతుంది కనుక మేడ మీద పెట్టదలచినపుడు ఇంజనీరును సంప్రదించడం అవసరం. చేపల దృష్టిలో ఈ కొలతలలో ముఖ్యమైనది పొడవు. ఈదే చేపకు ఎత్తైన పొట్టి తొట్టె కన్న పొడవైన లోతు తక్కువ తొట్టె మేలు.

మంచినీటి తొట్టెలకు చెప్పే “ఇన్ని లీటర్లకు ఇన్ని అంగుళాల చేప” లెక్కను ఇక్కడ వాడరాదు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, లీటరుకు 35 గ్రాముల ఉప్పు గల సముద్రపు నీరు సుమారు 6.8 మిల్లీగ్రాములే పట్టి ఉంచుతుంది. అమ్మోనియా విషయం ఇంకా కఠినం. పిహెచ్ 7 వద్ద మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం ఒక శాతం లోపే. సముద్రపు నీటికి సహజమైన 8.2 వద్ద అది 6 నుండి 8 శాతం వరకు ఉంటుంది. దెబ్బతిన్న చేప రాతి వెనుక చేరి చనిపోయి, యజమాని గమనించకపోతే, ఆ ఒక్క కళేబరం మిగిలిన చేపలకు కూడా ముప్పు తెస్తుంది. పొత్తు కుదరకపోవడం రెండు చేపల తగవుగా మొదలై తొట్టె మొత్తం నష్టంగా ముగిసేది ఈ దారిలోనే.

నోటి కొలత, ఎదిగిన కొలత

పండుగప్ప పిల్లలను సైజుల వారీగా వేరు చేయకపోతే పెద్దవి చిన్నవాటిని మింగుతాయని కోస్తా రైతులకు తెలుసు. ఉప్పునీటి ఆక్వేరియంలోను ఈ నియమం మారదు. లయన్ ఫిష్ నెమ్మదిగా, ఈకలు విచ్చినట్లుగా కదులుతుంది. ఏ చేపతోను తగవు పెట్టుకోదు. కాని తన పొడవులో సగం వరకు ఉన్న చేపను కూడా మింగగలదు. ఆ తొట్టెలో చిన్న చేపలు ఒక్కొక్కటిగా మాయమవుతుంటే యజమాని వ్యాధి అని పొరబడతాడు. దీని ముళ్ళలో విషం కూడా ఉంది. గ్రూపర్లు, ట్రిగ్గర్ చేపలు కూడా చిన్న చేపలతో కలపదగినవి కావు. ట్రిగ్గర్ పళ్ళకు రొయ్యలు, పీతలు, నత్తలు నిలువవు. వీటిని పెంచదలచినవారు వీటికే వేరొక తొట్టె కేటాయించుకోవాలి.

కొనేనాడు చేప పొడవు నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది. ఎంపిక మాత్రం ఎదిగిన కొలతను బట్టి జరగాలి. సినిమా వలన పిల్లలందరూ అడిగే బ్లూ టాంగ్ 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఎంపరర్ ఏంజెల్ పిల్లదశలో ముదురు నీలం మీద తెల్లని వలయాలతో ఉండి, పెద్దయ్యాక పసుపు, నీలం చారలతో వేరే జాతివలె మారి, 40 సెంటీమీటర్లకు చేరగలదు. రంగు మారిన చేపను చూసి దుకాణదారు మోసగించాడనుకొనేవారు కూడా ఉంటారు. పై కొలతల తొట్టెలో ఈ రెండూ జీవితకాలం ఉండదగినవి కావు.

తిండి వేగం

పొత్తు అంటే కొట్లాట లేకపోవడం మాత్రమే కాదు. చురుకైన చేపలు అర నిమిషంలో మేత ముగించే తొట్టెలో నిదానంగా తినే చేప ఎవరూ కొట్టకుండానే ఆకలితో చనిపోతుంది. మాండరిన్ చేప రోజంతా రాళ్ళ మీది కోపిపాడ్ల వంటి సూక్ష్మజీవులను ఏరుకొని తింటుంది, పొడిమేతను సాధారణంగా ముట్టదు. బటర్‌ఫ్లై చేపలలో కొన్ని జాతులకు బ్రతికిన పగడపు పాలిప్‌లే ఆహారం. అటువంటివి ఎంత అందంగా ఉన్నా ఇంటి తొట్టెకు తగవు. ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తినే క్లీనర్ రాస్ కూడా తొట్టెలో తగినంత ఆహారం దొరకక క్షీణిస్తుంది. దీనిని “డాక్టర్ చేప” అని అమ్మడం సమర్థనీయం కాదు.

సముద్ర గుర్రాలు కూడా నిదానంగా తినేవే. అయితే వాటి విషయంలో చర్చకే తావు లేదు, అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. గట్టి పగడాలు కూడా అదే చట్టం పరిధిలోనివి. మన సముద్రం నుండి తీసిన పగడపు రాయిని “లైవ్ రాక్” పేరుతో ఎవరైనా ఇవ్వజూపితే కొనరాదు. కృత్రిమ రాళ్ళపై కూడా మేలుచేసే బాక్టీరియా కొన్ని వారాలలో కుదురుకొంటుంది.

ఒక తొట్టెకు ఎంపిక

పైన చెప్పిన ఆరడుగుల తొట్టెకే ఎంపిక చేసి చూద్దాం. మొదటి స్థానం ఒక జత ఒసెల్లారిస్ క్లౌన్ చేపలకు ఇవ్వవచ్చును. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాలలో క్లౌన్, డాంసెల్ చేపల పిల్లల ఉత్పత్తి పద్ధతులను రూపొందించింది కనుక, పెంపకంలో పుట్టిన క్లౌన్ చేపలను అడిగి కొనడం సాధ్యమే. ఈ చేపలన్నీ మొదట మగవి, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. కనుక చిన్న పిల్లలను రెండింటిని, కొద్ది తేడా గల సైజులలో వేస్తే జత తానే కుదురుతుంది. మూడవది వేస్తే దానిని మిగిలిన రెండూ తరుముతాయి. వీటికి సీ అనిమోన్ తప్పనిసరి కాదు. మెరూన్ క్లౌన్ మాత్రం వద్దు, దాని కోపం వేరు.

ఇసుక మీద నివాసానికి ఒక వాచ్‌మన్ గోబీ, రాళ్ళ మీది నాచుకు ఒక లాన్‌మోవర్ బ్లెన్నీ, రాళ్ళ చాటున నిలకడగా ఉండే బంగాయ్ కార్డినల్ చేపలు ఒక జత, ఒక ఫైర్ ఫిష్. బంగాయ్ కార్డినల్ ఇండొనేషియాలో కొద్ది దీవుల చుట్టూ మాత్రమే సహజంగా లభించే, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. అయితే మగచేప గ్రుడ్లను నోటిలో పొదిగి, ఈదగల పిల్లలనే వదులుతుంది కనుక పెంపకం తేలిక. పెంపకంలో పుట్టినవి దొరకనపుడు ఆ స్థానం ఖాళీగా వదలడమే మంచిది. ఫైర్ ఫిష్ బెదిరితే నీటి నుండి ఎగిరిపడుతుంది, తొట్టెకు వల మూత ఉండాలి.

తరువాత మరుగుజ్జు ఏంజెల్ జాతులలో ఒకటి, ఒకే ఒకటి. చివరకు ఒక ఎల్లో టాంగ్. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ 2015లో ఈ చేపను తొలిసారి పెంపకంలో సాధించింది. మొత్తం తొమ్మిది చేపలు. 600 లీటర్లకు తొమ్మిదేనా అని కొనేవారు నిరాశపడవచ్చును. కాని ఈ తొమ్మిదింటిలో ఇసుకకు, రాళ్ళకు, నడిమి నీటికి, నాచుకు వేర్వేరు హక్కుదారులున్నారు. క్లౌన్, కార్డినల్ జతలు తప్ప ఆకారంలో ఒకదానినొకటి బాగా పోలినవి లేవు. పదవ చేపగా, చవకగా దొరుకుతుందని, మూడు చుక్కల డాంసెల్‌ను చేర్చాలనిపిస్తుంది. పిల్లదశలో నల్లగా, మూడు తెల్లచుక్కలతో ముచ్చటగా ఉన్నా, ఎదిగే కొద్దీ మొత్తం తొట్టెను తనదిగా భావించే చేప అది. కొత్త తొట్టెను “పండించడానికి” దీనిని మొదట వేసే పద్ధతి ఇంకా కొనసాగుతున్నది. తొట్టె పండుతుంది గాని, తరువాత వచ్చే ప్రతి చేపకు శత్రువు ముందే కాచుకొని ఉంటుంది. చేప లేకుండా కొద్దిపాటి అమ్మోనియా చేర్చి కూడా బాక్టీరియాను వృద్ధి చేయవచ్చును.

వేసే వరుస

జాబితా సరిగా ఉన్నా వరుస తప్పితే పొత్తు చెడుతుంది. ముందు వచ్చినదే హక్కుదారు అన్నది ఈ చేపల న్యాయం. అందువలన సాధువైనవి ముందు, గడుసువి చివర రావాలి. పై జాబితాలో ఫైర్ ఫిష్, గోబీ, కార్డినల్ చేపలు మొదట, తరువాత బ్లెన్నీ, క్లౌన్ జత, ఆపై ఏంజెల్, అందరికన్న చివర టాంగ్. విడతకూ విడతకూ మధ్య రెండు మూడు వారాల వ్యవధి ఉంటే పెరిగిన వ్యర్థానికి తగినంతగా బాక్టీరియా వృద్ధి చెందుతుంది.

ప్రతి విడత చేపలనూ కనీసం నాలుగు వారాలు వేరే తొట్టెలో పరిశీలనలో ఉంచడం తప్పనిసరి. సముద్రపు తెల్లమచ్చ వ్యాధిని కలిగించే క్రిప్టోకారియాన్ పెద్ద తొట్టెలో చేరితే రాగి మందు వాడటం కష్టం. రాగి రొయ్యలను, ఇతర వెన్నెముక లేని జీవులను చంపుతుంది, రాళ్ళు దానిని పీల్చుకొంటాయి. తగవులతో అలసిన చేపకే ఈ వ్యాధి ముందుగా సోకుతుంది.

కొత్త చేపను దీపాలు ఆర్పిన తరువాత వదలడం, అదే సమయంలో కొన్ని రాళ్ళను జరిపి పాత హద్దులను చెరపడం మేలు. మొదటి పక్షం రోజులు రెక్కల చిరుగులు, నీటి పైమూలలో నిలిచిపోవడం, మేతకు రాకపోవడం గమనించాలి. ఈ లక్షణాలు కనిపిస్తే సాధారణంగా యజమాని దెబ్బతిన్న చేపను బయటకు తీస్తాడు. తీయవలసినది కొట్టే చేపను. దానిని చిల్లుల పెట్టెలోనో వేరే తొట్టెలోనో ఒకటి రెండు వారాలు ఉంచి తిరిగి వదిలితే, ఈసారి కొత్తగా వచ్చినది అదే అవుతుంది. అప్పటికీ దాడి మానకపోతే దానిని దుకాణానికి తిరిగి ఇవ్వవలసిందే. ఆ అవకాశం ఉన్న దుకాణంలోనే కొనాలని సలహా కోరినవారికి మొదటి రోజే చెప్పడం మంచిది.