పురిటింట్లో శుభ్రతే తొలి మందు

అమ్మాయి పురిటికి పుట్టింటికి వస్తోందంటే ఆ ఇంట్లో హడావుడి ఇంతా అంతా కాదు. పథ్యానికి పాత బియ్యం, వెల్లుల్లి కారం, పొగకు సాంబ్రాణి, పొత్తిళ్ళకు మెత్తటి పాత చీరలు అన్నీ ముందుగానే సిద్ధం చేసుకుంటాం. కానీ పురిటి గది గుమ్మం దగ్గర ఒక సబ్బు బిళ్ళ, చెంబుడు నీళ్ళు పెట్టాలన్న సంగతి ఎంతమందికి గుర్తుంటుంది చెప్పండి? బాలింతకూ పసికందుకూ ప్రాణం మీదకు తెచ్చే క్రిములు చాలావరకు చేతుల మీదుగా, మురికి గుడ్డల మీదుగా వెళ్ళేవే.

ఇది ఈనాటి మాట కాదు. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే వచ్చి పురుళ్ళు పోస్తున్నందువల్ల బాలింతలు జ్వరంతో చనిపోతున్నారని కనిపెట్టాడు. అందరిచేతా క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాడు. చావులు గబగబా తగ్గిపోయాయి.

గడ్చిరోలి ఆడవాళ్ళు చేసిన పని

"పెద్దాసుపత్రులున్న ఊళ్ళో అయితే సరే, మారుమూల పల్లెల్లో ఏం చేస్తాం?" అంటారేమో. మన తెలంగాణకు ఆనుకునే, ప్రాణహిత అవతలి ఒడ్డున మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. అడవులు, గూడేలు, అంతంతమాత్రం దారులు. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 'సెర్చ్' అనే సంస్థను నడుపుతున్నారు. 1990ల్లో వాళ్ళు 39 ఊళ్ళలో, కాస్త చదువుకున్న ఆ ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చారు. వాళ్ళు బిడ్డ పుట్టిన ఇంటికి పదే పదే వెళ్ళేవారు. తూకం వేసేవారు, ఒళ్ళు వేడి చూసేవారు, ఊపిరి లెక్కపెట్టేవారు. క్రిములు రక్తంలోకి పాకిన లక్షణాలు కనబడితే, పెద్దవాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళలేమంటే, నేర్చుకున్న పద్ధతిలో ఇంటి దగ్గరే మందూ ఇంజెక్షనూ ఇచ్చేవారు.

అంతకుముందు ఈ జబ్బు చేసిన నూరు మంది పసివాళ్ళలో దాదాపు 17 మంది చనిపోయేవారు. ఆ తరువాత ముగ్గురు కూడా కాదు. ఈ పని జరగని ఊళ్ళతో పోల్చి చూస్తే, మూడో ఏటికి మొత్తం పసికందుల మరణాలే 62 శాతం తగ్గాయి. 1999లో ఈ వివరాలు 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చాయి. 2011 నుంచి మన ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి పసిబిడ్డను చూడటం వెనుక ఈ అనుభవం ఉంది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశ రావాలి. ఇంట్లోనే అయితే మొదటి రోజు కూడా రావాలి. రాకపోతే మనమే కబురు పెట్టాలి.

మన చేతుల్లో ఉన్నవి

* గర్భిణీకి ధనుర్వాతం రాకుండా వేసే టీకా తప్పనిసరి. అది తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ కాపాడుతుంది.

* ఉమ్మనీరు పోయాక "నొప్పులు రానీ, చూద్దాం" అని ఇంట్లో కూర్చోకూడదు. ఆలస్యమయ్యేకొద్దీ క్రిములు లోపలికి చేరతాయి.

* బొడ్డుకు పసుపు, ఆముదం, బూడిద, పేడ ఏవీ రాయొద్దు. పొడిగా వదిలేస్తే తనంతట తనే ఎండి ఊడిపోతుంది.

* మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. పిండి పారబోయకండి. రోగాలను అడ్డుకునే శక్తి అందులోనే ఉంది. తేనె, పంచదార నీళ్ళు వద్దు.

* పుట్టిన బిడ్డకు మొదటి రోజే స్నానం చేయించనక్కర్లేదు. పొడిగుడ్డతో తుడిచి తల్లి గుండెలకు ఆనించి పడుకోబెడితే ఆ వెచ్చదనమే చాలు.

* పాత చీరలు మెత్తగా ఉంటాయి, వాడండి. కానీ సబ్బుతో ఉతికి, ఎర్రటి ఎండలో ఆరేసినవే వాడాలి. బాలింత వాడుకునే గుడ్డలకూ ఇదే మాట. సిగ్గుపడి చీకటి మూలల్లో ఆరేయొద్దు.

పురిటి రోజుల్లో అందరూ బిడ్డను ముట్టుకోకూడదన్న పెద్దల ఆచారం మంచిదే. కానీ గాలీ వెలుతురూ లేని గదిలో పొగబెట్టి ఉంచడం, బాలింతకు కడుపునిండా తిండి పెట్టకపోవడం మాత్రం మానుకోవాలి.

ఎప్పుడు ఆగకూడదు?

పెద్దవాళ్ళకు జబ్బు చేస్తే జ్వరం వస్తుంది, మూలుగుతారు. పసికందు అలా చెప్పదు. ఊరకే మౌనమైపోతుంది. పాలు తాగడం మానేస్తుంది, లేపినా లేవదు. ఒళ్ళు వేడెక్కడమే కాదు, చల్లబడిపోవడం కూడా ప్రమాదమే. నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, అరికాళ్ళు పచ్చబడినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

బాలింతకు 100.4 డిగ్రీలు దాటి జ్వరం, చలి, మైలలో దుర్వాసన, పొత్తికడుపులో నొప్పి, కుట్ల దగ్గర చీము, రొమ్ము ఎర్రబడి గట్టిపడటం, మాట తడబడటం, వీటిలో ఏది కనబడినా అంతే. "పాలజ్వరంలే, అదే తగ్గుతుంది" అని సరిపెట్టుకోవద్దు. మందులషాపులో అడిగి నాలుగు మాత్రలు తెచ్చి మింగించొద్దు. గడ్చిరోలి ఆడవాళ్ళు మందు ఇచ్చింది శిక్షణ పొంది, డాక్టర్ల పర్యవేక్షణలో. మనం ఇచ్చేది ఊహ మీద.

దిష్టి తగిలిందనుకుంటే దిష్టి తీయండి, ఎవరూ వద్దనరు. కానీ ముందు 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా తీయండి. వంటింట్లో పాలు పొంగుతుంటే ఒక్క క్షణం ఆగని మనం, పాలు తాగని బిడ్డ విషయంలో తెల్లవారేదాకా ఆగొచ్చా?